పాత ఐ5 సిస్టమ్ వేడెక్కి ఆగిపోతోంది. డోర్ తీసి ఫ్యాన్ పెట్టాలా, పేస్ట్ మార్పించాలా?

పాల్వంచ పిల్లోడు
అందరికీ నమస్తే. మా నాన్నగారు ఇంట్లోనే డీటీపీ చేస్తారు. పెళ్లి కార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు, కరపత్రాలు. 2012లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఐ5-2400, 8 జీబీ ర్యామ్, విండోస్ 7. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పాత ఫైళ్లు అన్నీ దాంట్లోనే సెట్ అయి ఉన్నాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం పూట పీడీఎఫ్ చేస్తుంటే టక్కున ఆగిపోతోంది. వేడి చూపించే కోర్ టెంప్ సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ఊరికే ఉన్నప్పుడు 62 డిగ్రీలు, పని మొదలుపెడితే 97. నిరుడు దసరా ముందు ఊళ్లో ఒక షాపులో సర్వీసింగ్ చేయించాం. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ కూడా మార్చామని 900 తీసుకున్నారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, నాన్నకు ఫోన్‌లోనే చెప్పాలి. కొత్తది కొనమని మాత్రం దయచేసి చెప్పకండి.

మినీపీసీ మురళి
కొత్తది కొను బ్రో.

సత్తెనపల్లి సూరీడు
తమ్ముడూ, షాపుల జోలికి పోవద్దు. సీపీయూ డబ్బాకి సైడ్ డోర్ ఉంటుంది, వెనక రెండు స్క్రూలు. విప్పి పక్కన పెట్టించు. టేబుల్ ఫ్యాన్ అటు తిప్పించు. అయిపోయింది. మా స్టూడియోలో ఆల్బమ్‌లు డిజైన్ చేసే సిస్టమ్ ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. రెంటచింతల మాకు పక్కనే, ఎండల గురించి మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
డోర్ తీసి చూడండి, తప్పులేదు. కానీ ఎంత తగ్గిందో రాసుకోండి. పదీ పన్నెండు డిగ్రీలు తగ్గితే డబ్బాలో గాలి ఆడట్లేదు. రెండు మూడే తగ్గితే తప్పు ప్రాసెసర్‌కీ, దాని వేడి లాగే లోహపు దిమ్మ హీట్‌సింక్‌కీ మధ్యలోనే ఉంది. ఇంకో ప్రశ్న. 62 నుంచి 97కి ఎంతసేపట్లో వెళ్తోంది? సెకన్లలోనా, ఐదు పది నిమిషాలా? ఇది చెప్తే సగం పని తెమిలినట్టే.

బెంచ్‌మార్క్ బాబాయ్
97 ఏమిటండీ? ఐ5-2400కి ఇంటెల్ ఇచ్చిన పరిమితి 72.6 డిగ్రీలు. దాని మీద పాతిక డిగ్రీలు ఎక్కువ నడుపుతున్నారు. ఇంకా బతికే ఉందంటే ఆశ్చర్యమే.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
బాబాయ్ గారూ, ఆ 72.6 ప్రాసెసర్ పైనున్న లోహపు మూత మీద కొలిచేది. కోర్ టెంప్ చూపించేది లోపలి కోర్ల వేడి. లోపల ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. వంద దగ్గరకొస్తే అదే స్పీడ్ తగ్గించుకుంటుంది.

బెంచ్‌మార్క్ బాబాయ్
ఇంటెల్ సైట్‌లో 72.6 అనే ఉంది. నేను చదివిందే చెప్తున్నా.

భీమిలి సరోజ
డోర్ తీసి పెడితే మా ఇంట్లో బల్లి దూరింది. ఎస్ఎంపీఎస్‌లో, అదే లోపల కరెంట్ ఇచ్చే పెట్టెలో, చచ్చి పడి ఉంటే వాసనని బట్టి కనిపెట్టాం. ఇక మా సముద్రపు గాలికి లోపలి స్క్రూలు తుప్పు పట్టడం వేరే కథ.

సత్తెనపల్లి సూరీడు
బల్లి డోర్ మూసినా దూరుతుందమ్మా. వెనక కార్డులు పెట్టే చోట రేకు పట్టీ ఊడిపోయి కంత ఉంటుంది, చూడండి. దానికి డోర్‌ని తిడితే ఎలా?

నైట్‌షిఫ్ట్ నిజామాబాద్
పైసా ఖర్చులేని పని ఒకటి చెప్తా. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటే 99 చేయించు. టర్బో ఆగిపోతుంది. 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లేది 3.1 దగ్గరే ఉంటుంది. పేజ్‌మేకర్‌కి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

పాల్వంచ పిల్లోడు
నాన్నతో వీడియో కాల్‌లో డోర్ తీయించాను. ఫ్యాన్ పెట్టాక 97 కాస్తా 94 అయింది. బల్లి మాట విని అమ్మ డోర్ మళ్లీ పెట్టేయమంటోంది. 99 కూడా పెట్టాం, ఇంకో నాలుగు తగ్గింది.

సత్తెనపల్లి సూరీడు
తగ్గింది కదా! ఫ్యాన్ ఇంకా దగ్గరికి జరపండి. స్పీడ్ ఫుల్లు పెట్టండి.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
ఫ్యాన్‌తో తగ్గింది మూడు డిగ్రీలు. నా రెండో ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. నాకైతే ఇది పేస్ట్, బిగింపు సమస్యే. హీట్‌సింక్ తీసి మళ్లీ పెట్టించండి. మా దగ్గరైతే 700 అవుతుంది.

సత్తెనపల్లి సూరీడు
700! పేస్ట్ ట్యూబ్ ఆన్‌లైన్‌లో మూడు నాలుగొందలు. ఒక్క ట్యూబ్ పదిమందికి వస్తుంది. బఠాణీ గింజంత పెట్టినందుకు 700. ఇందుకే తమ్ముడికి షాపుల జోలికి పోవద్దన్నా.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
సూరీడు గారూ, మీరు పాస్‌పోర్ట్ ఫొటోలకి ఎంత తీసుకుంటారు? కాగితం ఖరీదెంత? ఇన్నాళ్లూ ఓపిగ్గా రాస్తున్నా కాబట్టి ఇవాళ చెప్పేస్తా. మొన్నామధ్య ఒకాయన వీడియో చూసి ప్రాసెసర్ పీకి, సాకెట్ పిన్నులు వంచుకుని తెచ్చాడు. ఈ రకం సాకెట్‌లో పిన్నులు బోర్డుకే ఉంటాయి, కంటికి ఆనవు. భూతద్దం కింద సూదితో ఒక్కొక్కటే లేపుతూ సాయంత్రమంతా కూర్చున్నా. సిస్టమ్ ఆన్ అయింది. ఆయన అడిగిందేమిటో తెలుసా? ‘పార్టులేమీ మార్చలేదుగా, డబ్బులెందుకు?’ అని. పార్టుకి ఇస్తారు, చేతిపనికి ఇవ్వరు. అందుకే కొంతమంది చేతిపనితో పోయేదానికి కూడా మదర్‌బోర్డు పోయిందని అబద్ధం చెప్పి కొత్తది అంటగడతారు. ఆ అబద్ధం నేర్పింది కస్టమర్లే.

మినీపీసీ మురళి
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

సత్తెనపల్లి సూరీడు
ఫొటోలకి వంద తీసుకుంటా. ఫొటో చేతికిస్తా. కళ్లు మూసుకుని పడితే అక్కడే చూసి చెప్తాడు, మళ్లీ తీస్తా. మీరు డబ్బా లోపల ఏం చేశారో ఎవరు చూశారు? నా సిస్టమ్ ఒకసారి గుంటూరులో ఒక షాపులో ఇచ్చా. 4 జీబీ ర్యామ్‌లు రెండు ఉండాలి. ఇంటికొచ్చాక ఒకటే ఉంది. అడిగితే ‘మీరిచ్చినప్పుడే ఒకటి’ అన్నాడు. రసీదు మీద ‘సీపీయూ 1’ అని రాసుంది, లోపల ఏముందో రాసి లేదు. ఎక్కడికెళ్లి చెప్పుకోను? ఆ రోజు నుంచే డోర్ తీసి పెట్టుకున్నా, ఫ్యాన్ పెట్టుకున్నా. పేస్ట్ అంటే ఏమిటో తెలియక కాదు.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
అది దొంగతనం. ఎవడో చేసినదానికి నేను జవాబు చెప్పను. నా దగ్గర మనిషి ఎదురుగానే విప్పుతా. ర్యామ్, హార్డ్ డిస్క్ సీరియల్ నంబర్లు రసీదు మీద రాస్తా. అలా రాయడానికీ టైమ్ పడుతుంది. ఆ టైమ్ కూడా 700లోనే ఉందండీ.

భీమిలి సరోజ
నంబర్లు రాసిచ్చే షాపు మా వైపు ఒక్కటీ లేదు. ఉంటే 1000 అయినా ఇస్తా.

పాల్వంచ పిల్లోడు
మీ గొడవలో నా జవాబు ఆలస్యమైంది. నాలుగైదు సెకన్లలో 97కి వెళ్తోంది. పని ఆపగానే అంతే వేగంగా 70కి పడిపోతోంది. నాన్న టార్చ్ వేసి తీసిన ఫొటో పెడుతున్నా.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
ఇదీ కావాల్సింది. దుమ్ము వల్లయితే మెల్లగా ఎక్కుతుంది, అంత హీట్‌సింక్ వేడెక్కాలి కదా. సెకన్లలో ఎక్కిందంటే వేడి హీట్‌సింక్ దాకా పోవట్లేదు. ఫొటోలో ర్యామ్ వైపు పైమూల చూడు. కూలర్‌కి నాలుగు నల్ల టోపీలుంటాయి. మూడు దిగి ఉన్నాయి, ఆ ఒక్కటి పైకి లేచి ఉంది. ఎదురెదురు మూలలు జతగా, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. బోర్డు వెనక తెల్ల కాళ్లు విచ్చుకుని మధ్యలోంచి నల్ల పుల్ల కనపడాలి. నిరుడు పెట్టినవాళ్లు అది చూడలేదు. చలికాలంలో గది 25 ఉంది కాబట్టి లాగించింది. ఇప్పుడు గది 42 అయితే ఆ తేడా అంతా పైన కలుస్తుంది. నాన్నగారిని ఊరికే నొక్కేయనివ్వకు. లేచిన పేస్ట్ తుడిచి కొత్తది వేశాకే బిగించాలి.

బెంచ్‌మార్క్ బాబాయ్
వేడెక్కితే స్పీడ్ తగ్గించుకుంటుందన్నారు. మరి టక్కున ఆగిపోవడమేమిటి? దానికెవరూ జవాబు చెప్పలేదు.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
ఈసారి మంచి ప్రశ్న వేశారు. ఎస్ఎంపీఎస్ మీద నాకూ అనుమానమే. ముందు ఇది తేలనివ్వండి.

పాల్వంచ పిల్లోడు
నాన్న వేరే షాపుకి తీసుకెళ్లి ఎదురుగా కూర్చుని చేయించారు. ఆ మూల కాలు విరిగి ఉందట, అందుకే దిగలేదు. కొత్త కూలర్, పేస్ట్, చేతిపని కలిపి 850. ఇప్పుడు ఊరికే ఉంటే 49, పీడీఎఫ్ చేస్తుంటే 76. కానీ నిన్న మళ్లీ ఒకసారి ఆగింది, 71 దగ్గరే.

బెంచ్‌మార్క్ బాబాయ్
72.6 లోపే ఆగింది, గమనించండి.

స్క్రూడ్రైవర్ హనుమకొండ
అయితే ఎస్ఎంపీఎస్సే అయ్యుంటుంది. తెలిసినవాళ్ల దగ్గర మంచిది ఒకటి అడిగి రెండ్రోజులు పెట్టి చూడండి, ఆగకపోతే అప్పుడు కొనండి. పాతదాన్ని మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంట్ నిలిచి ఉంటుంది.

సత్తెనపల్లి సూరీడు
మార్చాక పాతది అడిగి ఇంటికి తెచ్చుకోమను, తమ్ముడూ.