అప్‌డేట్: కరెంటు పోతే సంప్ పొంగే సమస్య తీరింది (6×2×2 అడుగుల మంచినీటి అక్వేరియం, విజయవాడ)

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇలాంటి సమస్యతో వెతికేవాళ్లకి పనికొస్తుందని ముగింపు రాస్తున్నా.

సమస్య ఇదీ: కరెంటు పోయిన ప్రతిసారీ ట్యాంకు కింద ఉన్న 36×15 అంగుళాల సంప్ (నీళ్లు వడకట్టే తొట్టి) పొంగి గది తడిసేది. అక్వేరియం మేస్త్రీ వచ్చి చూస్తే కారణం రిటర్న్ పైపు (సంప్‌లోని పంపు నీళ్లని మళ్లీ ట్యాంకులోకి పంపే పైపు). దాని మూతి నీటిమట్టానికి మూడంగుళాల లోతులో ఉంది. పంపు ఆగగానే అదే సైఫన్‌గా మారి, మూతి బయటపడేదాకా నీళ్లు కిందికి లాగేస్తోంది. ఈ ట్యాంకులో ఒక్క అంగుళం నీరంటే 28 లీటర్లు, మూడంగుళాలకి 85. సంప్‌లో అంత ఖాళీ ఎక్కడిది?

ఇక్కడ కొందరు చెప్పిన సైఫన్ బ్రేక్ రంధ్రమే పనిచేసింది. రిటర్న్ పైపుకి నీటిమట్టం కింద పావు అంగుళంలో 6 మి.మీ. రంధ్రాలు రెండు, కిందికి వాలుగా. ఒకటి నాచు పట్టి మూసుకున్నా రెండోది గాలి లాగి సైఫన్‌ని తెంచుతుంది. వారానికోసారి టూత్‌బ్రష్‌తో రుద్దాలి, ఇది మాత్రం మానొద్దు.

ఇప్పుడు ట్యాంకులో అర అంగుళం తగ్గగానే ఆగుతోంది. పైపుల్లో నీళ్లతో కలిపి సంప్‌లో రెండంగుళాలు పెరుగుతోంది, అంతే. పంపు ఆపి, నీళ్లు దిగడం ఆగాక, అంచుకి అంగుళం కింద దాకా సంప్ నింపి, మళ్లీ పంపు వేశాక సంప్‌లో పంపు ఉండే అరలో నిలిచిన మట్టం దగ్గర గీత పెట్టాం. ఆ గీత దాటి పొయ్యకూడదు.

చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రాకుండా పైపులో పెట్టేది) ఒక్కదాన్నే నమ్మలేం. చిన్న నత్త అడ్డం పడ్డా కారుతుంది. పంపు సైజుకీ ఇలా సంప్ పొంగడానికీ సంబంధం లేదు.