కన్సోల్ చవగ్గా ఇవ్వడం మేలా, ఎరా?

మూడో_కంట్రోలర్:
మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020లో 299 డాలర్లకి వచ్చింది. అమెరికాలో 2025లో రెండుసార్లు పెంచి 399 చేశారు. సోనీ వాళ్ల పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కూడా అక్కడ అదే ఏడాది 499 నుంచి 549కి ఎక్కింది. ఐదేళ్లు పాతబడ్డ పెట్టెకి కొత్తప్పటికంటే ఎక్కువ ధరా అని అందరూ దుమ్మెత్తిపోస్తున్నారు. నేను మాత్రం వాళ్లకి ఎదురు పక్కన నిలబడతాను. ఇప్పుడు పెంచడం కాదు తప్పు, ఇన్నేళ్లూ ఖర్చు కంటే తక్కువకి ఇవ్వడమే తప్పు.

ఒక్కో కన్సోల్ మీద 100 నుంచి 200 డాలర్ల దాకా మేమే భరిస్తున్నామని ఎక్స్‌బాక్స్ అధిపతిగా ఉండగా ఫిల్ స్పెన్సర్ 2022లో బాహాటంగానే చెప్పాడు. భరించడమంటే దానం కాదు కదా! స్టోర్‌లో గేమ్ అమ్ముడైన ప్రతిసారీ తీసుకునే 30 శాతం, ఆన్‌లైన్‌లో ఆడాలంటే కట్టే సబ్‌స్క్రిప్షన్, రెండో కంట్రోలర్... ఇలా మన దగ్గరే రాబట్టుకుంటారు. ఏడాదికి ఒక్క గేమ్ కొనేవాడి పెట్టె ఖర్చు, నెలకొకటి కొనే నేను మోస్తున్నాను. పెట్టెని అసలు ధరకి అమ్మండి, గేమ్‌ల ధర తగ్గించండి. లెక్క సూటిగా ఉంటుంది. కాదనేవాళ్లు చెప్పండి.

పాత_కార్ట్రిడ్జ్:
నేను కాదంటాను తమ్ముడూ. నువ్వు అడిగిన పద్ధతి ఎవరూ చేసి చూడలేదనుకుంటున్నావా? 1993లోనే చేశారు. దాని పేరు 3డీఓ. డిజైన్ ఒక కంపెనీది, తయారుచేసి అమ్మేది పానాసోనిక్ లాంటివాళ్లు. గేమ్ చేసేవాళ్ల దగ్గర కాపీకి 3 డాలర్లు మాత్రమే తీసుకుంటామన్నారు. అప్పట్లో పెద్ద కన్సోల్ కంపెనీలైన నింటెండో, సెగా గుంజేదానితో పోలిస్తే అది నామమాత్రం. గేమ్ చేసేవాళ్లు ఎగిరి గంతేశారు. కానీ గేమ్‌ల మీద వచ్చేదాంట్లో పెట్టె తయారుచేసేవాడికి వాటా లేదు. కాబట్టి పెట్టె మీదే లాభం చూసుకోవాలి. ధర ఎంత పెట్టారో తెలుసా? 699 డాలర్లు. కొనేవాళ్లు షాపులో దాన్ని చూసి, ఆడి, మెచ్చుకుని, వెనక్కి వచ్చేశారు. పెట్టెలు అమ్ముడుపోలేదు కాబట్టి గేమ్ చేసేవాళ్లు కూడా సర్దుకున్నారు. 1996కల్లా కథ కంచికి.

నీ లెక్క కాగితం మీద బాగానే ఉంది. పెట్టె ఇంటికి రాకపోతే చవక గేమ్ ఎవడు కొంటాడు?

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. 1995 మే, వీడియో గేమ్‌ల ఈ3 మేళా. సెగా వాళ్లు వేదిక ఎక్కి, మా కొత్త కన్సోల్ శాటర్న్ ఇవాళే షాపుల్లో ఉంది, ధర 399 అని అందర్నీ అదరగొట్టారు. అదే రోజు సోనీ వంతు వచ్చింది. స్టీవ్ రేస్ అనే ఆయన మైకు దగ్గరికి వచ్చి, తమ మొదటి ప్లేస్టేషన్ ధర "299" అని ఒక్క అంకె చెప్పి, దిగి వెళ్లిపోయాడు. హాలంతా చప్పట్లు. ఇంతకంటే పొట్టి ప్రసంగం నేను వినలేదు.

లెక్కల_మాస్టారు:
ఆ 299 కథ వినడానికి బాగుంటుంది కానీ, సెగా ఓడిపోయింది ఒక్క ధర వల్లే కాదు. ముందుగా చెప్పకుండా హఠాత్తుగా విడుదల చేయడంతో సరుకు అందని దుకాణాలకి కోపం వచ్చింది. కేబీ టాయ్స్ అనే బొమ్మల దుకాణాల సంస్థ అయితే సెగా సరుకే పెట్టం పొమ్మంది. గేమ్‌లు చేసేవాళ్లు ఇంకా సగం పనిలో ఉన్నారు, అమ్మడానికి గేమ్‌లే లేవు.

చవకే గెలుస్తుందంటే నాకు రెండు విషయాలకి జవాబు కావాలి. 1999లో సెగా కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ 199కే వచ్చింది, 2001లో సెగా హార్డ్‌వేర్ వ్యాపారమే మూసేసుకుంది. 2001లో నింటెండో గేమ్‌క్యూబ్ కూడా 199కే వచ్చింది, అప్పుడు పీఎస్2, ఎక్స్‌బాక్స్ రెండూ 299. గేమ్‌క్యూబ్ మొత్తం మీద అమ్ముడైంది 2.17 కోట్లు. పీఎస్2 ఏమో 16 కోట్లు. వంద డాలర్ల తేడా ఏమైనట్టు? పీఎస్2లో డీవీడీ సినిమాలు ఆడేవి. విడిగా డీవీడీ ప్లేయర్ కొనే ఖర్చు తప్పుతుందని నాన్నలు సరే అన్నారు. గేమ్ ఆడని మనిషి చేత కొనిపించారు, అదీ తెలివి.

ఎక్స్‌ట్రా_లైఫ్:
మాస్టారూ, డ్రీమ్‌కాస్ట్ పేరెత్తకండి. మానిన పుండు.

డిస్క్_వాడు:
మీరంతా లాంచ్ ధర గురించే కొట్టుకుంటున్నారు. ధర ఎంత అన్నది కాదు, ఆ ధరకి ఏం తీసేసుకున్నారు అన్నది చూడండి.

పీఎస్5 రెండు రకాలుగా వచ్చింది. డిస్క్ ఉన్నది 499, లేనిది 399. వంద మిగిలిందని సంబరపడి డిస్క్ లేనిది తీసుకున్నవాళ్లలో మా తమ్ముడొకడు. నేను డిస్క్ ఉన్నది వాడతాను. కొన్న గేమ్ పూర్తవగానే అమ్మేస్తాను, లేదా స్నేహితుడికిచ్చి అతని దగ్గరున్నది తెచ్చుకుంటాను. ఒక రేసింగ్ గేమ్ డిస్క్ నా దగ్గరికి వచ్చేసరికే దాని డబ్బా మీద ముగ్గురి పేర్లు పెన్నుతో రాసి కొట్టేసి ఉన్నాయి. నాది నాలుగోది. మా తమ్ముడికి ఒకే ఒక్క దుకాణం, అది స్క్రీన్‌లో ఉంటుంది. వాళ్లు డిస్కౌంట్ పెట్టిన రోజే వాడికి పండగ. ఆ వంద డాలర్లు ఎప్పుడో కక్కేశాడు.

2013 గుర్తుందా? ఎక్స్‌బాక్స్ వన్‌లో వాడిన డిస్కుల మీద ఆంక్షలు పెడతామన్నారు. వెంటనే సోనీ ఒక చిన్న వీడియో వదిలింది. ఒకాయన గేమ్ డిస్క్ డబ్బా పక్కాయన చేతికిస్తాడు, ఆయన థాంక్స్ అంటాడు, అంతే. గేమ్ పంచుకోవడం ఎలాగో నేర్పించారట! దానికితోడు పీఎస్4 ధర 399, ఎక్స్‌బాక్స్ వన్ 499. ఆ నెల తిరక్కుండానే మైక్రోసాఫ్ట్ ఆంక్షలు వెనక్కి తీసుకుంది. మరి ఆ రోజు అంత వెక్కిరించిన సోనీ 2024లో ఏం చేసింది? 699కి పీఎస్5 ప్రో ఇచ్చి, డిస్క్ డ్రైవ్ విడిగా కొనుక్కోమంది. మన చేతిలోంచి డిస్క్ పోతే, పోటీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మూడో_కంట్రోలర్:
డిస్క్_వాడు గారూ, మీరు నా వాదనే నాకంటే బాగా చెప్పారు. పెట్టె మీద నష్టపోయేవాడు మనల్ని తన దుకాణం దాటి బయటికి పోనివ్వడు. నెలనెలా చందా కట్టి గేమ్‌లు ఆడుకునే మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ కూడా అంతే. 2017లో నెలకి 9.99 డాలర్లతో మొదలైంది. అలవాటు చేశారు. 2025 అక్టోబర్‌లో అందులో అల్టిమేట్ అనే పై స్థాయి ప్లాన్‌ని 19.99 నుంచి ఒకేసారి 29.99 చేశారు.

సేవ్_పాయింట్:
ఇక్కడ ఎవరూ చిప్‌ల సంగతి ఎత్తలేదు. అసలు నష్టానికి అమ్మడం అనే జూదం ఎందుకు నడిచిందో చూడండి.

పాత రోజుల్లో రెండు మూడేళ్లకోసారి చిప్ చిన్నదయ్యేది. ఒకే సిలికాన్ పలకలో ఎక్కువ చిప్‌లు వచ్చేవి. కరెంటు తక్కువ లాగేది కాబట్టి ఫ్యాను చిన్నది, పవర్ సప్లై చిన్నది, ప్లాస్టిక్ తక్కువ, అట్టపెట్టె తక్కువ, ఓడలో ఎక్కువ పెట్టెలు పట్టేవి. పీఎస్2 299తో మొదలై 2009కి 99కి దిగింది. కంపెనీ దయతలచి దించలేదు, చేసే ఖర్చు అలా పడిపోయింది. మొదటి ఏడాది నష్టం, మూడో ఏడాది సమానం, ఆ తర్వాత లాభం. ఇదీ పందెం.

ఇప్పుడు ఆ మెట్లు కూలిపోయాయి. కొత్త తరం చిప్ తయారీ చిన్నదైనా చవక కావడం లేదు, కొన్నిసార్లు ఖరీదే అవుతోంది. దానిమీద అమెరికాలో 2025 సుంకాలు. మూడో ఏడాదికి ఖర్చు దిగుతుందన్న ఆశ లేకపోతే మొదటి ఏడాది నష్టం ఎవడు భరిస్తాడు? డిస్క్ ఉన్న పీఎస్5 ఇక నష్టానికి పోవడం లేదని సోనీ 2021 ఆగస్టులోనే చెప్పింది. అంటే గట్టెక్కారు. అయినా 2022లో యూరప్, జపాన్‌లలో ధర పెంచారు. కాబట్టి మూడో_కంట్రోలర్ బ్రో, మీరు కోరుకున్న "అసలు ధర" వచ్చేసింది. గేమ్‌లు మాత్రం చవక కాలేదు, 70 నుంచి 80కి పోతున్నాయి. నింటెండో గేమ్ మారియో కార్ట్ వరల్డ్ చూడండి. ఈ బేరంలో రెండో సగం ఎటు పోయింది?

పాత_కార్ట్రిడ్జ్:
సేవ్_పాయింట్ బాగా పట్టుకున్నాడు. ఆ రెండో సగం ఎప్పటికీ రాదు తమ్ముడూ.

నష్టానికి అమ్మినా, లాభానికి అమ్మినా కంపెనీ తల ఎగరేసిన ప్రతిసారీ జనం దించారు. 2006లో సోనీ పీఎస్3ని 499, 599కి పెట్టింది. ఆ ధరకి కూడా వాళ్లకి నష్టమే, బ్లూ-రే డ్రైవ్, సెల్ ప్రాసెసర్ అంత ఖరీదు. మా బ్రాండ్ చూసి ఎంతైనా ఇస్తారులే అనుకున్నారు. ఎక్స్‌బాక్స్ 360 ఏడాది ముందే 299, 399కి వచ్చి కూర్చుంది. సోనీ తేరుకోవడానికి 2009 దాకా పట్టింది, అదీ స్లిమ్ మోడల్‌ని 299కి దించాక. చివరికి 8.7 కోట్లు దాటింది కానీ, ఆ మొదటి మూడేళ్లు నలిగిపోయింది.

నాకు నచ్చిన దారి వేరే ఉంది. అదే 2006లో నింటెండో "వీ" (Wii) అనే కన్సోల్‌ని 249కి ఇచ్చింది, మొదటి రోజు నుంచే లాభానికి. ఎలాగంటే లోపల ఉన్నది దాదాపు పాత గేమ్‌క్యూబ్ సరుకే. కొత్తదనమంతా చేతిలో ఊపే రిమోట్‌లో ఉంది. 10 కోట్లు దాటింది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ రోజుల నుంచీ వాళ్లది ఇదే వరస. 1989లో 89 డాలర్లు, పచ్చటి మసక తెర, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. అటారీ లింక్స్‌కి రంగుల తెర ఉంది, ధర రెట్టింపు. సెగా గేమ్ గేర్ ఆరు బ్యాటరీలు మింగి కొన్ని గంటల్లోనే కళ్లు తేలేసేది. నా దగ్గర అలాంటి రంగుల తెరది ఒకటుండేది. కంపెనీ పేరు వద్దులే. బస్సెక్కేటప్పుడు నిండుగా వేసిన బ్యాటరీలు, దిగేసరికి ఎర్ర దీపం. ఎదురు సీట్లో గేమ్ బాయ్ పిల్లాడు ఇంకా ఆడుతూనే ఉండేవాడు.

లెక్కల_మాస్టారు:
నింటెండోని మరీ ఎత్తేయకండి. చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్‌ని 2011 మార్చిలో 249కి అమ్మారు, ఆగస్టుకల్లా 169. ముందే కొన్నవాళ్లు గోల పెడితే 20 పాత గేమ్‌లు ఉచితంగా ఇచ్చి శాంతింపజేశారు. అధ్యక్షుడు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నాడు. 2025లో స్విచ్ 2 కన్సోల్‌ని 449కి పెట్టినా నాలుగు రోజుల్లో 35 లక్షలు పోయాయి. అప్పుడు చేదైన బ్రాండే ఇప్పుడు తీపి.

మూడో_కంట్రోలర్‌కి ఒక చిన్న లెక్క. 70 డాలర్ల గేమ్ డిజిటల్‌గా కొంటే 30 శాతం, అంటే 21 డాలర్లు ప్లాట్‌ఫాంకి. పెట్టె మీద మీకు 150 రాయితీ ఇచ్చారనుకుందాం. ఏడు గేమ్‌లు కొంటే వాళ్ల బాకీ దాదాపు చెల్లు. ఎనిమిదో గేమ్ నుంచే మీరు పక్కవాడి పెట్టె మోస్తున్నారు. మీరెన్ని కొన్నారు?

మూడో_కంట్రోలర్:
3డీఓ సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. పెట్టె మరీ ఖరీదైతే మొత్తం మార్కెట్టే పుట్టదు. కానీ నష్టాన్ని ధర చీటీ మీద రాయమనడంలో తప్పేముంది? "ఇందులో మా వాటా ఇంత" అని. నేను కొన్నవి 60 పైనే మాస్టారూ. అడగకపోయినా బాగుండేది.

ఎక్స్‌ట్రా_లైఫ్:
నేనూ ఇప్పుడే లైబ్రరీ తెరిచి లెక్కపెట్టాను. పదకొండు. అందులో ఏడు ఇంకా డౌన్‌లోడ్ కూడా చేయలేదు.