అప్‌డేట్: ఆశా వర్కర్ల (పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల) శిక్షణలో బీపీ ఎక్కువ చూపించడం – కారణం దొరికింది

కావలి దగ్గర పల్లెల్లో మా యూనివర్సిటీ కమ్యూనిటీ హెల్త్ శిక్షణలో ఆశాలు తీసే బీపీ, ట్యూటర్ తీసినదానికన్నా 10–15 ఎక్కువ వస్తోందని అడిగాను కదా. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

మిషన్లో లోపం లేదు. బయోమెడికల్ టెక్నీషియన్ పాదరసం మిషన్‌తో సరిచూశారు. బ్యాటరీలు మార్చడం దండగ. అసలు సంగతి పట్టుకున్నది మెడికల్ సోషల్ వర్కర్: నడిచొచ్చినవాళ్లని వచ్చినట్టే బెంచీ మీద కూర్చోబెట్టి, చెయ్యి వేలాడుతుండగానే జాకెట్టు మీదే బీపీ మిషన్ పట్టీ (కఫ్) చుడుతున్నారు. ట్యూటర్ వంతు వచ్చేసరికి వాళ్లు ఎలాగూ కుదుటపడేవాళ్లు!

ఇప్పుడు వీపు ఆనే కుర్చీ, 5 నిమిషాల విశ్రాంతి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద. జబ్బ చుట్టుకొలత 32 సెం.మీ. దాటితే పెద్ద పట్టీ. నిమిషం ఆగి రెండోసారి. తేడా 3–4కి దిగింది. కూర్చోబెట్టే పని హెల్త్ ఎడ్యుకేటర్‌కి అప్పగించాం. కొలిచేవాళ్లకే వదిలేస్తే తొందరలో ఎగ్గొడతారు.