పప్పు మాని చికెన్, గుడ్లు పెంచిన తరువాత పేగుల్లో వచ్చిన మార్పు గురించి

ప్రశ్న:
నమస్కారమండీ. జిమ్‌లో చేరిన తరువాత ప్రోటీన్ పెంచాలని అన్నం, పప్పు దాదాపు మానేసి, రెండు నెలలుగా రోజూ చికెన్, ఐదారు గుడ్లు తింటున్నాను. అప్పటినుంచి మలబద్ధకం మొదలైంది. పప్పు తిన్న రోజుల్లో గ్యాస్ ఎక్కువగా వచ్చేది కానీ వాసన ఉండేది కాదు. ఇప్పుడు గ్యాస్ తక్కువే అయినా దుర్వాసన భరించలేకుండా ఉంది. ప్రోటీన్ ఏదైనా ఒకటే అంటారు కదా, మరి ఈ తేడా ఎందుకు?

జవాబు 1:
మీరు గమనించిన తేడా చాలా ముఖ్యమైనది. ప్రోటీన్‌లో అధికభాగం చిన్నపేగులోనే జీర్ణమవుతుంది. మిగిలినది పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దానిని పులియబెట్టి అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటివి తయారుచేస్తుంది. గుడ్లలో, మాంసంలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ కనుక ఆ కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. కందిపప్పు, పెసలు తిన్నప్పుడు ప్రోటీన్‌తోపాటు పీచు, రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కూడా లోపలికి వెళ్తాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనకు లేదు కాబట్టి పెద్దపేగులోని బ్యాక్టీరియాయే వాటిని తిని, వాసనలేని వాయువులతోపాటు బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని కూడా ఇస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు ప్రధానమైన ఇంధనం అదే.

2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఐదు రోజులు మాంసం, గుడ్లు, చీజ్ మాత్రమే తిన్నవారిలో పిత్తరసాన్ని తట్టుకునే బైలోఫిలా వంటి బ్యాక్టీరియా పెరిగి, మొక్కల పిండిపదార్థాలపై బతికేవి తగ్గాయి. అయితే ఆ ఆహారంలో కొవ్వు ఎక్కువ, పీచు దాదాపు లేదు. అందుచేత తప్పంతా మాంసం ప్రోటీన్‌మీదే వేయడం సరికాదని నా అభిప్రాయం.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. గుడ్లు మానవలసిన పని లేదు, వాటి పక్కన పీచు ఉండాలి. పెసలు, శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే గ్యాస్ తగ్గుతుంది. మొదట కొద్దిగా తిని, రెండు మూడు వారాలలో పెంచుకుంటూ, జొన్నరొట్టె, ఆకుకూరలు చేర్చి, నీళ్లు బాగా తాగండి. మలంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా ఇంట్లో ఉలవచారు తరచుగా కాస్తారు, ఉడికిన ఉలవలు మాత్రం గేదెకు పెడతారు. చారు తాగితే చాలునా?

జవాబు 2:
చాలదండీ. పీచు చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. గేదెకు పెట్టేముందు ఒక గుప్పెడు తీసి, పోపు వేసి గుగ్గిళ్లుగా తినండి.