కారు షెడ్డును రెండు పడకగదులుగా మార్చుకోవచ్చా? (హనుమకొండ)

ప్రశ్న

నమస్కారం. హనుమకొండలో మాది 2009లో కట్టిన రెండు పడకగదుల ఇల్లు. త్వరలో మాకు రెండో బిడ్డ పుట్టబోతోంది. పరకాల దగ్గరి ఊళ్లో ఉంటున్న అమ్మానాన్నలను ఇక ఒంటరిగా ఉంచలేక, వారిని కూడా ఇక్కడికే తీసుకువస్తున్నాము. ఇంటికీ ప్రహరీకీ మధ్య పిల్లర్ల మీద స్లాబు వేసిన కారు షెడ్డు ఉంది. లోపలి కొలత 11 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు; నేల నుంచి స్లాబు దాకా 10 అడుగుల ఎత్తు. ముందు రోలింగ్ షట్టరు, వెనుక పెరడు ఉన్నాయి. షెడ్డు నేల ఇంటి నేల కన్నా అడుగున్నర పల్లంగా ఉండడం వల్ల 2020 ఆగస్టు వానలకు అందులో నాలుగు అంగుళాల నీళ్లు నిలిచాయి. షట్టరు తీసి గోడ పెట్టి, ఇంటి నేలకు సమానంగా మొరం నింపి, మధ్యలో మరో గోడ లేపితే రెండు గదులు వస్తాయని మేస్త్రీ అంటున్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి వారి గదిలోనే బాత్‌రూం ఉండాలి. కారును అమ్మేస్తున్నాము. ఈ పని చేయించిన వారు, తెలిసిన వారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు (సైట్ ఇంజినీరు, వరంగల్)

ముందుగా ఎత్తు సంగతి చూడండి. అడుగున్నర నింపితే స్లాబు కింద ఎనిమిదిన్నర అడుగులే, అంటే సుమారు 2.59 మీటర్లే మిగులుతాయి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం నివసించే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలి. అది కాగితం మీది అంకె మాత్రమే కాదు, మన ఎండల్లో ఫ్యాను కింద పడుకునేవారికి ఆ అర అడుగు ఎంత అవసరమో తెలుస్తుంది. అందువల్ల మొరం, కాంక్రీటు బెడ్డు, టైల్స్ అన్నీ కలిపి 9 అంగుళాలకు మించకుండా లేపండి. అప్పుడు 9 అడుగుల 3 అంగుళాల ఎత్తు మిగులుతుంది, 2020లో నీళ్లు నిలిచిన గుర్తు కన్నా నేల 5 అంగుళాలు పైన ఉంటుంది. బెడ్డు వేయకముందే చెదల మందు కొట్టించడం మరువకండి.

రెండు గదులనూ సమానంగా పంచవద్దు. పెరటి వైపు 14 అడుగుల పొడవున అమ్మానాన్నల గది, అందులోనే నాలుగడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు గల బాత్‌రూం పెట్టుకోండి. మధ్య గోడ మందం అర అడుగు పోగా మిగిలిన ఏడున్నర అడుగులు గేటు వైపు పెద్దబిడ్డ గదికి సరిపోతాయి. ఆ చిన్న గది సుమారు 7.7 చదరపు మీటర్లు ఉంటుంది. రెండో గదికి కనీసం 7.5 ఉండాలన్న కొలతను అది దాటుతుంది. ఒక వైపు ప్రహరీ, మరో వైపు ఇల్లు ఉండడం వల్ల కిటికీలకు మీకు దొరికేవి ముందు, వెనుక చివరలే కనుక, వాటిని నేల వైశాల్యంలో పదో వంతుకు తగ్గనివ్వకండి.

షట్టరు స్థానంలో వచ్చే గోడను షెడ్డు నేల మీద నేరుగా లేపితే అది బీటలు వారుతుంది. మీ అడుగున నల్లరేగడి ఉంటే అది వానకు ఉబ్బి, ఎండకు కుంగి, రెండేళ్లలోనే ఆ బీటను పెద్దది చేస్తుంది. ముందరి రెండు పిల్లర్ల మధ్య నేల మట్టంలో ఒక బీము పోసి, దాని మీద గోడ కట్టించండి. బాత్‌రూం నుంచి సెప్టిక్ ట్యాంకుకు పోయే నాలుగంగుళాల పైపుకు 20 అడుగుల దూరానికి అర అడుగు వాలు కావాలి. గది నేల ఇంటి కన్నా పల్లంగా ఉంటుంది కాబట్టి, ట్యాంకు మూత తీసి లోపలి పైపు మట్టం కొలిచాకే పని మొదలుపెట్టండి.

రెండో జవాబు

కొలతలకు ముందు మీరు బయటికి తీయవలసింది మీ ఇంటి అనుమతి ప్లాను. షెడ్డు ప్రహరీని ఆనుకొని ఉందంటే, అది వదిలి తీరవలసిన ఖాళీ స్థలంలో ఉండే అవకాశం ఎక్కువ. ప్లానులో పార్కింగ్‌గా చూపిన చోట గదులు కడితే అది అనుమతికి విరుద్ధమవుతుంది, పొరుగువారు ఫిర్యాదు చేస్తే కట్టిన గోడను మళ్లీ కూల్చవలసి రావచ్చు. 2020 చట్టం వచ్చాక చిన్న ఇళ్ల అనుమతులు ఆన్‌లైన్‌లోనే త్వరగా వస్తున్నాయి కనుక, ప్లాను తీసుకొని ముందుగా కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. ఖాళీ స్థలంలో గదులు ఒప్పుకోకపోతే, పునాదులు తట్టుకుంటాయని ఇంజినీరు చెప్పిన మీదట మేడ మీద గదులకు దరఖాస్తు చేయడమే మేలు. అప్పుడు పెద్దవారు కిందనే ఉంటారు, మీరు పైకి మారవచ్చు.

మూడో జవాబు (కాజీపేట)

మేము మూడేళ్ల క్రితం ఇదే పని చేయించాము. ఎవరూ చెప్పక మాకు తెలియని సంగతి ఒకటుంది. మా హాలు కిటికీలు షెడ్డులోకే తెరుచుకునేవి. గదులు కట్టాక హాలు పట్టపగలే చీకటైంది, ఇప్పుడు ఉదయం నుంచీ లైటు వేసుకుంటున్నాము. మీ ఇంటి గోడకు ఆ వైపు కిటికీలు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోండి.

ఇంకొకటి, ఇంటి నేలకూ కొత్త గదికీ మధ్య 9 అంగుళాల తేడాను ఒకే మెట్టుగా వదలకండి. మా మామయ్య రాత్రి పూట నీళ్ల కోసం లేచి, ఆ మెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. తరువాత దాన్ని నాలుగున్నర అంగుళాల ఎత్తున్న వెడల్పాటి రెండు మెట్లుగా మార్చి, గోడకు స్టీలు కడ్డీ బిగించి, పైన చిన్న రాత్రి దీపం పెట్టించాము. మీ అమ్మగారి మోకాళ్ల కోసం ఆ కడ్డీ మొదటి రోజే పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ప్లాను తీసి చూశాము, ఆ చోటును పార్కింగ్ అనే చూపారు కాబట్టి సోమవారం కార్పొరేషన్‌కు వెళుతున్నాను. ఈలోగా ఇంజినీరు గారు చెప్పిన గదులను షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీసి, మంచం వేసి చూశాము. బాత్‌రూం తలుపు బయటికి తెరిస్తే మంచానికి తగులుతోంది, లోపలికి తెరిస్తే బకెట్ పెట్టే చోటు పోతోంది. ఏం చేయమంటారు?

మొదటి జవాబు ఇచ్చినవారు

గోడ వెంట జరిగే తలుపు పెట్టించండి. లోపల ఎవరైనా పడిపోయినా, వారికి తగలకుండా బయటి నుంచి తీయవచ్చు. గడియ కూడా బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగేదే తీసుకోండి.