అనాస ముక్కల మిఠాయి: ఒక్క పూటలో ముగించాలా, వారం పాకంలో ఉంచాలా?

అడివివరం_రోడ్డు:
మా వైపు సింహాచలం కొండ అనాసలు రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతున్నారు. పిల్లలకి బజారు టూటీఫ్రూటీ మాన్పించి, ఈ ముక్కల్నే పాకం పట్టి ఆరబెట్టి, నోట్లో వేసుకునే సైజులో సీసాలో పెట్టాలనుకుంటున్నాను. మా ఆడపడుచు తీగ పాకం వచ్చేదాకా ఉడికించి దించెయ్యి, పూటలో అయిపోతుందంటుంది. మా పిన్ని మాత్రం రోజూ పాకం వంచి, మరిగించి, మళ్లీ ముక్కల మీద పోస్తూ వారం చెయ్యాలంటుంది. ఈ ఉక్కలో వారం ఉంచితే పులిసిపోతుందేమోనని నాకు టెన్షన్. మీరేమంటారు?

గాజువాక_కుర్రోడు:
ఒక్క పూటే అక్కా. డ్యూటీలు చేసుకునేవాళ్లకి వారం రోజులు గిన్నె కాపలా ఎలా కుదురుతుంది? ముక్కలు నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, బరువుకి సమానంగా పంచదార వేసి, సన్నటి సెగ మీద పాకం దగ్గరపడ్డాక జల్లెడలో వేసెయ్యడమే. మా ఇంట్లో బొప్పాయి కాయతో టూటీఫ్రూటీ ఇలాగే చేస్తాం. ఎప్పుడూ చెడలేదు.

పాకం_పిచ్చి:
తమ్ముడూ, నువ్వు చెప్పింది బొప్పాయికి నిజం. ఎందుకంటే టూటీఫ్రూటీ ముక్క సెనగ గింజంత ఉంటుంది, పాకం నడిమి దాకా వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. అనాసని అరంగుళం మందాన కోస్తే సంగతి వేరు. చిక్కటి పాకంలో పడగానే ముక్కలోని నీరు బయటికి వచ్చినంత వేగంగా పంచదార లోపలికి వెళ్లదు. అందుకే ముక్క ముడుచుకుపోతుంది, పైన గట్టిగా, నడుమ పుల్లగా పీచు మిగులుతుంది. పల్చటి పాకంతో మొదలుపెట్టి రోజూ కొంచెం చిక్కబరిస్తే లోపలా బయటా సమంగా పడుతుంది. అప్పుడు ముక్కని వెలుతురుకి పట్టుకుంటే అవతలి వేలు మసకగా కనిపించాలి, మధ్యలో తెల్లటి మచ్చ ఉండకూడదు. పూటలో చేసినదాంట్లో ఆ మచ్చ పోవడం నేనైతే చూడలేదు.

కొలత కావాలంటే కిలో ముక్కలకి మొదటి రోజు 400 గ్రాముల పంచదార, ముక్కలు ఉడికించిన నీళ్లే అర లీటరు. తర్వాత రోజూ ముక్కలు తీసి, పాకంలో 150 గ్రాముల దాకా పంచదార కలిపి, మరిగించి, గోరువెచ్చగా అయ్యాక పోయాలి.

ఎంవీపీ_అత్త:
వినడానికి బాగుంది గానీ, ఆ మొదటి రెండు రోజుల పల్చటి పాకం మన వంటింట్లో నిలవదమ్మా. మధ్యాహ్నానికే నురగ కడుతుంది, పులుపు వాసన వస్తుంది. వారం పద్ధతే చేయదలిస్తే ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సిందే. ఇంకో మాట, పాకం గడ్డకట్టకుండా నిమ్మకాయ పిండమని అందరూ చెబుతారు. అనాసకి అక్కర్లేదు, పిండితే ముక్క ఎప్పటికీ ఆరదు.

కెమిస్ట్రీ_మాస్టారు:
అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. పులుపు తగిలి మరిగితే పంచదార విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఫ్రక్టోజు గాలిలో తేమని లాక్కుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో అది జిగురుకి ఆహ్వానమే. అనాసలో సిట్రిక్ ఆమ్లం ముందే ఉంది, పాకం గడ్డకట్టకుండా అదే చూసుకుంటుంది.

ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు. పాకంలో పంచదార 70 శాతానికి చేరితే బూజు అంత తేలిగ్గా పట్టదు. ఆ పాకం దాదాపు 106 డిగ్రీల దగ్గర మరుగుతుంది. స్వీట్ల థర్మామీటరు ఉంటే తీగ చూసుకునే పనే లేదు. మనం సముద్ర మట్టంలో ఉన్నాం కాబట్టి లెక్క సరిపోతుంది. అరకులో చేసేవాళ్లు మాత్రం 3 డిగ్రీలు తగ్గించి చూసుకోవాలి, అక్కడ నీళ్లే 97 దగ్గర మరుగుతాయి.

గాజువాక_కుర్రోడు:
థర్మామీటరు, ఫ్రిజ్, వారం రోజులు... ఇదంతా ఒక సీసా మిఠాయికా మాస్టారూ? ముక్క చిన్నగా కోస్తే గొడవే లేదు కదా!

పాకం_పిచ్చి:
చిన్నగా కోస్తే అది కేకులోకి పనికొస్తుంది, చేతికిచ్చి తినమనడానికి కాదు. అక్క అడిగింది నోట్లో వేసుకునే సైజు. పైగా బొప్పాయికి మీ అమ్మగారు సున్నపు తేట వాడతారా లేదా అడుగు. వాడితే అందులోని కాల్షియం, కాయలో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టి ఉంచి ముక్క చెదరకుండా కాస్తుంది, అందుకే ఎంత ఉడికించినా నిలుస్తుంది. ఆగ్రా పేఠాకి బూడిద గుమ్మడిని నానబెట్టేది కూడా ఇందుకే. అనాసకి సహజంగానే పీచు ఉంది కాబట్టి ఆ తతంగం అక్కర్లేదు.

సీతమ్మధార_షుగర్‌పేషెంట్:
పద్ధతి ఏదైనా మూడొంతులు పంచదారే కదండీ! బజారు టూటీఫ్రూటీలో రంగు ఉంటుంది, ఇందులో ఉండదు, అంతే తేడా. పండు కదా, ఆరోగ్యం కదా అని పిల్లలకి గుప్పెళ్లతో పెట్టేస్తారని నా భయం.

ఎంవీపీ_అత్త:
అది ఒప్పుకుంటాను బాబూ, మిఠాయి మిఠాయే. రోజుకి రెండు ముక్కలు, అంతే. మిగిలిన పాకం మాత్రం పారబొయ్యకండి, చల్లటి నీళ్లు, మిరియాల పొడి కలిపితే షర్బత్ అవుతుంది.

అడివివరం_రోడ్డు:
సరే, వారం పద్ధతికే మొగ్గుతున్నాను, ఫ్రిజ్ సాయంతో. మరి ఆరబెట్టడం? మేడ మీద పెడదామంటే మబ్బు.

పాతపట్నం_పెద్దాయన:
మా వైపు మేడ మీద పెడితే సాయంత్రానికి పాకం మీద నల్లటి దుమ్ము పేరుకుంటుంది, అందుకే మేం ఎండ మానేశాం. వాడకం లేని గదిలో జల్లెడ మీద పరిచి, పల్చటి పంచె కప్పి, ఫ్యాన్ కింద పెట్టండి. జల్లెడ కింద పళ్లెం తప్పదు, లేకపోతే చీమలు మీకంటే ముందొస్తాయి. ఒవెన్ ఉంటే 60 డిగ్రీల మీద పెట్టి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. వేలికి అంటకపోతే అయినట్టు. పైన పంచదార పొడి అద్దేది పూర్తిగా ఆరాకే, తడి మీద అద్దితే కరిగి మొదటికొస్తుంది.

గాజువాక_కుర్రోడు:
ఈ ఆదివారం పెద్ద ముక్కలే కోసి, ఒక్క పూటలోనే చేసి ఫోటో పెడతాను. మధ్యలో తెల్లటి మచ్చ ఉందో లేదో అప్పుడు మాట్లాడుకుందాం.

పాకం_పిచ్చి:
కోసి చూపించాలి, తమ్ముడూ. పైనుంచి తీసిన ఫోటో చెల్లదు.