ఆటిజం ఉన్న బాబు కోసం స్కూల్లో అందరికీ కలిపి ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇక్కడో చిన్న ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి చెబుతున్నాను. నా క్లాసులో ఆటిజం ఉన్న ఏడేళ్ల బాబు ఉన్నాడు. మాటలు తక్కువ, బొమ్మ చూపిస్తే మాత్రం చక్కగా అర్థం చేసుకుంటాడు.

పొద్దుట నుంచి నా క్లాసులో బాగానే ఉంటాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి లంచ్ బెల్ మోగితే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరిపోతాడు. అప్పుడు ఆయా చెయ్యి పట్టి లాగుతుంది, పీటీ సార్ గట్టిగా పిలుస్తారు. ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో, ఇంకొకరు ఇంగ్లీషులో ఒకేసారి చెబుతారు. ఇక అరగంట దాకా తేరుకోడు. వాళ్లలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, ఏం చెయ్యాలో తెలియదంతే.

ఇప్పటికి చేసినవి: రోజు టైంటేబుల్ బొమ్మలతో గోడకి అతికించాను, బాగా పనిచేస్తోంది. బెల్‌కి రెండు నిమిషాల ముందే వాణ్ణి వరండా చివరికి తీసుకెళ్తున్నాను. నేను లేని రోజు అదీ జరగదు. టీచర్ల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్షా యాప్‌లో పాఠాలు చూడమని తోటి టీచర్లకి చెప్పాను. కొందరు చూశారు, కానీ ఆయాకీ వ్యాన్ డ్రైవర్‌కీ అవి పనికిరావు. సికింద్రాబాద్‌లో ఎన్ఐఈపీఐడీ అని మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, కానీ అక్కడికి స్టాఫ్ అందర్నీ పంపే స్తోమత మా స్కూలుకి లేదు.

బరంపురం, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మా స్కూలుకే వచ్చి, ఆయా, డ్రైవర్‌తో సహా అందరికీ తెలుగులోనో ఒడియాలోనో ఒకటి రెండు రోజులు నేర్పించే స్పెషల్ ఎడ్యుకేటర్లు గానీ సంస్థ గానీ మీకు తెలుసా?